దారం కట్టిన పువ్వు

"దారం కట్టిన పువ్వు ఏదండీ?"

పెరట్లోంచి భార్య వేసిన కేకకి, అద్దం ముందు గడ్డం గీసుకుంటున్న భర్త ఉలిక్కిపడ్డాడు.

"నన్నడుగుతావేం? నేను పెరట్లో అడుగుపెట్టి ఎన్నాళ్లయింది?"

"మీరు కాదని నాకూ తెలుసు. మీ నాన్నగారు మళ్లీ కోసేశారు!"

జినియా మడిలో నిన్న విచ్చిన పూలు ఒక్కటీ లేవు. కత్తెరతో నున్నగా తెగిన కాడలు మాత్రం మంచుకి తడిసి మెరుస్తున్నాయి. విత్తనానికి వదిలిన పువ్వుకి ఎర్ర దారం కట్టడం ఈ ఇంట్లో అత్తయ్య పెట్టిన పద్ధతి. దారం పడ్డాక ఆవిడ కూడా ఆ కొమ్మ జోలికి పోయేది కాదు. ఇవాళ ఆ కొమ్మా బోడిగానే ఉంది.

మామూలు జినియా అయితే కోడలు ఇంత గొడవ చేసేది కాదు. దోరజామపండు లోపలి రంగు, అంచున లేత ఆకుపచ్చ. ఏటేటా మనసుకి నచ్చిన పువ్వునే గింజకి వదులుతూ వదులుతూ అత్తయ్య రాబట్టుకున్న రంగు అది. ఏ నర్సరీలోనూ దొరకదు. ఈసారి డబ్బా అడుగున ఉన్న గింజలతో సహా నారు పోసేసింది. మొక్కలు మడిలోకి మార్చింది. కోడలిని పక్కన కూర్చోబెట్టుకుని, గుబురుగా కొమ్మలు వేయడానికి మొక్కల తలలు తుంచడం నేర్పింది. మొదటి మొగ్గ కనబడకముందే ఆవిడ కన్నుమూసింది.

చలిగాలి మొదలైంది. ఈ నాలుగు మొక్కల మీద ఒక్క పువ్వయినా ఎండి గింజ కట్టకపోతే ఆ రంగు ఇక లేనట్టే. వచ్చే ఏడు అది మళ్లీ పూస్తే, చీర కుచ్చెళ్లు దోపుకుని అత్తయ్య మడి దగ్గరికి వచ్చి కూర్చున్నట్టే ఉంటుందని కోడలి ఆశ.

"పోనీలేవే, సాయంత్రం ఓ విత్తనాల ప్యాకెట్ తెస్తాను."

"ప్యాకెట్లో దొరికేదైతే నేనే తెచ్చుకోనా?"

"నాన్నకి సరిగ్గా చెప్పావా అసలు?"

"చెప్పాను. 'అలాగేనమ్మా' అన్నారు. దారం కట్టి చూపించాను. 'బాగుందమ్మా' అన్నారు. ఇప్పుడు దారంతో సహా మాయం!"

గోడ మీంచి పక్కింటావిడ తల పైకి లేచింది.

"మీ మామగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, పూలగుత్తి పట్టుకుని ఇటే వెళ్లారమ్మాయ్. రోజూ చూస్తున్నా. ఎవరికో పాపం, అదృష్టవంతురాలికి!"

కోడలికి ఒళ్లు మండిపోయింది. భార్య పోయినప్పుడు కూడా ఆయన పెద్దగా ఏడ్చింది లేదు. ఆ తర్వాత ఆవిడ మాట ఆయన నోట రానే లేదు. వీధి మలుపులో కుట్టుమిషను ఆవిడ ఒంటరిగా ఉంటోంది. ఎంత వద్దనుకున్నా మనసు అటే పోయింది.

తడి చేతులు కొంగుకి తుడుచుకుని, చెప్పులు తొడుక్కుని బయల్దేరింది.

కుట్టుమిషను దగ్గర మామగారు లేరు. బస్టాపు దగ్గర ఉన్నారు. న్యూస్‌పేపర్లో చుట్టిన గుత్తిలోంచి ఒక్కో పువ్వూ తీసి ఎదురైన వాళ్లకల్లా ఇస్తున్నారు. డ్యూటీకి వెళుతున్న నర్సుకి ఒకటి. సంచి మోసుకొస్తున్న ముసలావిడకి ఒకటి. ఆఖరిది, దోరజామ రంగు నిండుగా తేలిన పెద్ద పువ్వు, కదులుతున్న బస్సు కిటికీలోంచి ఎవరో చెయ్యి చాపి అందుకున్నారు.

"మామయ్యగారూ, అది ఇవ్వకండి!"

బస్సు వెళ్లిపోయింది. ఆయన తిరిగి చూసి, తప్పు చేసి దొరికినట్టు నిలబడిపోయారు. జేబులోంచి ఏదో తీసి ఆమె అరచేతిలో పెట్టారు. చిక్కు పడకుండా ఉండలా చుట్టిన ఎర్ర దారం.

"తెంపలేదమ్మా. ముడి విప్పే తీశాను."

"దారం ఎవరిక్కావాలండీ? ముక్కూ మొహం తెలియని వాళ్లకి పంచడానికా అత్తయ్య పూలు?"

"ఇంట్లో సీసాలన్నీ ఈ పూలతోనే నిండిపోయాయి కదా. పారేద్దామంటే చేతులు రావు."

"అసలు కోయమన్నదెవరు?"

ఆయన మడిచిన న్యూస్‌పేపరుని ఇంకా చిన్నగా మడతపెట్టసాగారు.

"చలి ముదురుతోంది మామయ్యగారూ. ఇక మిగిలింది ఒక్క మొగ్గ. దాన్నయినా వదిలేయండి, మీకు దణ్ణం పెడతాను. గింజ కట్టనివ్వండి. ఆ గింజ వేస్తే వచ్చే ఏడు అత్తయ్య పువ్వు మళ్లీ పూస్తుంది."

"పూస్తుంది. కాదనను." ఆయన గొంతు సవరించుకున్నారు. "కానీ అది నువ్వు నాటిన మొక్క అవుతుంది కదమ్మా."

"ఎవరు నాటితే ఏమిటండీ?"

జేబులో కత్తెర ఉందో లేదో ఆయన ఓసారి తడిమి చూసుకున్నారు.

"గింజ కట్టిందంటే తన పని అయిపోయిందనుకుని మొక్క ఎండిపోతుందట. పూలు కోస్తున్నన్నాళ్లూ మాత్రం బతికే ఉంటుందని మీ అత్తయ్యే చెప్పిందమ్మా."