సంయుక్త మొదటి మాట

ఆఫీసు నుంచి రెండు గంటలు ముందే ఇంటికొచ్చిన జయంతి గుమ్మంలోనే ఆగిపోయింది.

పనిమనిషి కనకమ్మ ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని, పిల్లకు వీపు చూపిస్తూ కూర్చుంది. అన్నం ముద్ద పట్టుకున్న చెయ్యి భుజం మీదుగా వెనక్కి చాపింది.

ఐదేళ్ళ సంయుక్త ఆ వెనకాలే నిలబడి "బ... బ..." అంటోంది. నోరు దగ్గరికి తెస్తే చాలు, చెయ్యి కాస్త పక్కకు జరుగుతోంది.

"ఆకలితో ఉన్న పిల్లను ఏడిపిస్తున్నావా?"

"ఏడిపిస్తలేనమ్మా. జర ఆగుండ్రి. వస్తది."

"ఏం వస్తుంది?"

కనకమ్మకు చెప్పడం చేతకాలేదు. "వస్తదమ్మా," అంది మళ్ళీ.

జయంతికి ఒళ్ళు మండింది.

సంయుక్తకు ఆటిజం అని డాక్టరు చెప్పి ఏడాదైంది. మాట్లాడదు, ఎవరి కళ్ళలోకీ చూడదు. వీళ్ళు కాకినాడ నుంచి ఇక్కడికి వచ్చి ఆరు నెలలు కాలేదు. భర్త విశ్వేశ్వరరావుకు మాదాపూర్‌లో కొత్తగా లేచిన టవర్లో కంప్యూటర్ ఉద్యోగం. ఆఫీసు ఇంటర్నెట్‌లో దొరికిన పరిశోధనలన్నీ ప్రింట్లు తీసి ఇంట్లో ఒక లావుపాటి ఫైలు తయారుచేశాడు. ముందు కళ్ళలోకి చూడడం నేర్పాలని, చూస్తేనే ముద్ద పెట్టాలని అందులో ఒకచోట ఉంది. జయంతి దాని కింద ఎర్రగీత గీసుకుంది. పిల్లకు ఆ ఎర్రగీత సంగతి తెలియదు కదా, గడ్డం పట్టి తిప్పితే కళ్ళు గట్టిగా మూసుకునేది.

ఇదంతా కనకమ్మకు నాలుగుసార్లు చెప్పింది. ఈవిడేమో వీపు చూపించి కూర్చుంది.

"రేపట్నుంచి రావద్దు," అంది జయంతి.

కనకమ్మ చెయ్యి కడుక్కుంది. "బిడ్డకు ఎదురుంగ కూసోకుండ్రమ్మా, భయపడ్తది," అని వెళ్ళిపోయింది.

మూడో రోజు పొద్దున జయంతి పొయ్యి దగ్గరుంది. వీపుకు చిన్న చెయ్యి తగిలింది.

"బుక్..."

జయంతి గరిటె వదిలేసి గిర్రున తిరిగింది. సంయుక్త వెంటనే కళ్ళు మూసుకుంది. విశ్వేశ్వరరావు సగం గీసుకున్న గడ్డంతో పరుగెత్తుకొచ్చాడు.

"బుక్ అంది. పుస్తకం అడుగుతోందే," అన్నాడు. "చూశావా, మొదటి మాటే ఇంగ్లీషు."

ఐదేళ్ళు ఆ మాట కోసం కాచుకున్న మనిషి. ఆ మాత్రం మురిసిపోతే తప్పేముంది?

సాయంత్రానికి బొమ్మల పుస్తకాలు వచ్చాయి. సంయుక్త విసిరికొట్టింది. మళ్ళీ తల్లి వీపు వెనక చేరి "బుక్..." అంది. పళ్ళు, పువ్వులు నచ్చలేదేమోనని జంతువులవి తెచ్చారు. జంతువులు నచ్చలేదేమోనని రైళ్ళవి తెచ్చారు. పిల్ల తల గోడకేసి కొట్టుకుంది. పళ్ళెం పట్టుకుని ఎదురుగా కూర్చుంటే పెదాలు బిగించేసింది. రోజంతా కలిపి రెండు గుక్కల పాలు.

"ఏం కావాలే తల్లీ, ఏం కావాలో చెప్పవే," అని జయంతి ఏడ్చింది.

పిల్ల చెబుతూనే ఉంది.

"కనకమ్మ ఉన్నప్పుడు కాస్త తినేది కదా," అన్నాడు విశ్వేశ్వరరావు ఐదో రోజున. కనకమ్మ ఉండే కూలీల గుడిసెలను వెతుక్కుంటూ వీధి చివర కొత్త బిల్డింగు దగ్గరికి వెళ్ళాడు. ఇసుక కుప్పలు తప్ప ఏమీ లేవు.

"పని అయిపోయింది గద సార్, గుడిసెలు పీకిండ్రు," అన్నాడు వాచ్‌మన్ మొగిలి.

"కనకమ్మ వాళ్ళు ఎక్కడికెళ్ళారు?"

"మేస్త్రీ యాడికి తోల్కపోతే ఆడికి. ఎవరికెరుక?"

ఆరో రోజు పిల్లను ఆసుపత్రిలో చేర్చి సెలైన్ పెట్టారు. ఎలాగైనా అన్నం తినిపించాలి అన్నాడు డాక్టరు. ఎలాగో ఆయనా చెప్పలేదు, ఫైల్లోనూ దొరకలేదు. జయంతి మంచం పక్కన ఊరికే కూర్చుంది. అంతకన్నా చెయ్యగలిగింది ఏమీ కనిపించలేదు.

పక్క మంచం మీద ఓ ముసలావిడ. కొడుకు ఓదెలు గిన్నెలో అన్నం కలిపి తినిపిస్తున్నాడు.

"ఇంకొక్క బుక్క తిను అవ్వా."

సంయుక్త తల అటు తిరిగింది. "బుక్క," అంది. ఈసారి మాట చివరిదాకా వినిపించింది.

జయంతి లేచి నిలబడింది. "బుక్క అంటే ఏమిటండీ?"

"గదేందమ్మా, అన్నం బుక్క. మీ దిక్కు ముద్ద అంటరు గద."

జయంతి చెయ్యి చాపింది. ఓదెలు గిన్నెలోంచి ఒక ముద్ద తీసి పెట్టాడు.

జయంతి మంచం అంచున, పిల్లకు వీపు చూపిస్తూ కూర్చుంది. చెయ్యి భుజం మీదుగా వెనక్కి పెట్టి, "బుక్క" అంది.

"బుక్క," అని వెనకనుంచి వినిపించింది. అరచేతికి చిన్న పెదాలు తగిలాయి.

జయంతి వెనక్కి తిరగలేదు. కళ్ళు తుడుచుకుందామన్నా రెండో చెయ్యి కదపడానికి భయమేసింది. వస్తది, వస్తది అని కనకమ్మ అన్నది మాట గురించేనని ఇప్పుడు తెలిసింది.

తన కూతురికి మొదటి మాట నేర్పిన పంతులమ్మను, పిల్లను ఏడిపిస్తోందని తనే వెళ్ళగొట్టింది.