పదిహేడో పేజీ

"పేతురు ఏసును మూడుసార్లు తెల్వదన్నడు. ఎందుకు?"

జయపాల్ సార్ ఈ ప్రశ్నను ఇరవై ఏళ్లుగా అడుగుతున్నాడు. వనపర్తి శివారులో రేకుల ప్రార్థనా మందిరం, దాని వెనక గదిలో బైబిలు బడి. పదకొండు మంది విద్యార్థులు. వాళ్లలో సగం మందికి రెండేసి పేర్లు. రేషన్ కార్డులో ఒకటి, ఇక్కడి హాజరు పట్టీలో ఒకటి.

"భయం సార్," అన్నారు అందరూ.

ఆయనకు కావలసిన జవాబు అదే. ఏటా అదే చెబుతాడు. ప్రాణం మీదికి వచ్చినా సరే, ఎరిగినవాణ్ని ఎరగనని అనకూడదు.

వెనక వరుసలో సుహాసిని లేచింది. "సార్, పేతురుకు అత్త ఉన్నదని రాసుంది. పిల్లలున్నరో లేరో రాయలే."

"ఉంటే ఏమైతుండె?"

"నాలుగోసారి గూడ తెల్వదంటుండె సార్."

క్లాసు గొల్లుమంది. ఆయన కూడా నవ్వబోయాడు. అప్పుడే బయట బండి ఆగింది.

వచ్చింది రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ శివకుమార్. వెనకే ఒక ఆటో వచ్చి ఆగింది. అందులోంచి ఒక యువతి దిగింది. చంకలో ఏడాది పిల్లవాడు.

వరండాలో కుర్చీ వేశారు. ఇన్‌స్పెక్టర్ ఫైలు తెరిచాడు.

"ఆఫీసుకు ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది పాస్టర్ గారూ. ఈమె పేరు రేణుక. ఖిల్లా ఘణపూర్ దిక్కు. ఎస్సీ కోటాల అంగన్‌వాడీ ఆయా పోస్టు వచ్చింది. ఈమె చర్చికి పోతదని, మీ దగ్గర్నే బాప్తిస్మం తీసుకున్నదని రాసిండ్రు. నిజమైతే ఎస్సీ సర్టిఫికెట్ పోతది, పోస్టు గూడ పోతది. అబద్ధమైతే నాకు పెట్రోల్ దండుగ."

రేణుక తల ఎత్తలేదు.

"మొగుడు బొంబాయి పనికి పోయి ఎనిమిది నెలలాయెనట," ఇన్‌స్పెక్టర్ గొంతు తగ్గించాడు. "ఫోన్ ఎత్తుతలేడట. చదివింది ఏడో తరగతి. ఇది పోతే ఇంకోటి దొరకదు. నాకూ పాపమనిపిస్తది గానీ, నా చేతుల ఏముంది? జర మొఖం చూసి చెప్పుండ్రి. ఈమెను ఎరుగుదురా?"

జయపాల్ సార్ చూశాడు. ఆమె కళ్ల కింద నలుపు. చీర కొంగుకు పాల మరక.

"తెల్వదు సార్."

పిల్లవాడు ఆయన వైపు రెండు చేతులూ చాచాడు. చంకలోంచి జారిపోయేంతగా ముందుకు వంగాడు.

"మీ దిక్కు దుంకుతుండు గదా," ఇన్‌స్పెక్టర్ నవ్వాడు.

"ఎవరిని చూసినా గట్లనే పోతడు సారూ," రేణుక గబగబా అంది. "వాళ్ల నాయన లేకపాయె గద." పిల్లవాణ్ని అటు తిప్పి భుజానికి అదుముకుంది. వాడు ఏడుపు అందుకున్నాడు.

జయపాల్ సార్ చేతులు ఒళ్లోని బైబిలు మీదనుంచి కదలలేదు.

"పోనీ, మీ సంఘానికి ఎప్పుడన్న వచ్చిందా?"

"రాలేదు."

"రిజిస్టర్ చూపియ్యుండ్రి."

బాప్తిస్మాల రిజిస్టర్ తెచ్చి ఇచ్చాడు. ఇన్‌స్పెక్టర్ వేలు ఒక్కో పేరు మీదుగా కిందికి దిగింది. సారమ్మ, యోహాను, మార్త, దానియేలు. పదిహేడో పేజీలో వేలు ఆగింది. జయపాల్ సార్ ఆ వేలి వైపే చూశాడు. ఇన్‌స్పెక్టర్ వేలు తడి చేసుకుని పేజీ తిప్పాడు.

"రేణుక అని యాడ లేదు," అన్నాడు చివరికి. "ఇగ ఒక్కటే ఉంది. ఈమె తండ్రి పేరు మల్లన్న, సొంతూరు మన్ననూర్. ఆ తండ్రే ఈమెను చర్చిల కలిపిండని ఉత్తరంల ఉంది. ఏమ్మా, మీ నాయన ఏడున్నడు?"

"లేడు సారూ." నేల చూస్తూ అంది.

"మీకు తెల్సా పాస్టర్ గారూ, మల్లన్న అనేటాయన?"

క్లాసు కిటికీ చువ్వలు పట్టుకుని సుహాసిని ఇటే చూస్తోంది.

"ఆ మనిషిని నేనెరగ సార్."

ఇన్‌స్పెక్టర్ కాగితం మీద ఏదో రాసుకుని ఆయన ముందు పెట్టాడు. జయపాల్ సార్ సంతకం చేశాడు.

"పో అమ్మా, నీ పోస్టు నీకే," అన్నాడు ఇన్‌స్పెక్టర్ బండి ఎక్కుతూ. "పండుగ చేసుకో."

రేణుక ఇద్దరికీ కలిపి ఒకే దండం పెట్టింది. ఆటో కదిలింది. పిల్లవాడి ఏడుపు మూల తిరిగేదాకా వినిపించింది.

ఆయన క్లాసులోకి వచ్చి బల్ల దగ్గర నిలబడ్డాడు. ఇరవై ఏళ్ల నోట్సు తెరిచే ఉంది.

"సార్," అంది సుహాసిని మెల్లగా, "నా మాటకు మీరు జవాబు చెప్పలే."

ఆయన నోట్సు మూసేశాడు.

"రేపు చెప్త బిడ్డా. ఇయ్యాల పోండ్రి."

అందరూ వెళ్లాక రిజిస్టర్ పదిహేడో పేజీ తెరుచుకుని కూర్చున్నాడు. ఒక పేరు మీద చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని ప్రార్థన చేయబోయాడు. ఎట్లా మొదలుపెట్టాలో తెలియలేదు.

ఫోన్ మోగింది. చాలాసేపు దానివైపే చూసి, ఎత్తాడు.

"నాయనా," అంది రేణుక, "బస్సెక్కిన."