ఏడుగురిని ఒడ్డు చేర్చిన దీపం

"ఆ కథ ఒక్కటి వద్దు వదినా. ఇంకేదైనా చెప్పు," అన్నాడు సగిందిక్.

కాలిమ టీ గిన్నె కింద పెట్టి అతని వంక చూసింది. బడిలోని పెద్ద గదిలో ఊరి ముసలీ ముతకా అంతా బెంచీల మీద సర్దుకుని కూర్చున్నారు. ఊళ్లో నిజంగా జరిగిన కథలన్నీ పుస్తకంగా వేయిద్దామని పంతులమ్మ రౌషన్ పొద్దుటి నుంచీ రికార్డు చేస్తోంది. తోడేలును సైకిల్ పంపుతో తరిమిన కథ అయింది. ఒంటె మీంచి ఇసుకలో పడ్డ పెళ్లికూతురు అత్తగారిని తిట్టిన కథ అయింది. ఇక అందరూ ఎదురుచూస్తున్నది కాలిమ కథ కోసమే.

"మా హీరోకి సిగ్గేస్తోందమ్మా," అన్నాడు ఒంటెలు కాసే దౌలెత్. "నలభై ఏళ్లయినా పొగిడితే ఈయన చెవులు ఎర్రబడతాయి."

అందరూ నవ్వారు. సగిందిక్ నవ్వలేదు. ఆ గది గోడ మీద, పాతికేళ్ల వయసులో టోపీ పెట్టుకుని తను దిగిన ఫొటో ఉంది. కింద 'మన దీపస్తంభం కాపరి' అని రాసి ఉంది. ఎప్పుడొచ్చినా అతను దానికి వీపు పెట్టే కూర్చుంటాడు.

"కానివ్వు మామ్మా," అంది రౌషన్. "పుస్తకంలో మొదటి కథ ఇదే."

కాలిమ మొదలుపెట్టింది. సముద్రం ఎండి వెనక్కి పోకముందు, ఇంకా ఊరి గుమ్మంలోనే ఉన్న రోజులవి. చలి ముదురుతున్న కాలంలో ఆమె భర్త ఇబ్రాయ్ పడవ ఏడుగురితో వేటకు వెళ్లింది. పొద్దు వాలేసరికి ఉత్తరపు గాలి లేచింది. చుక్కాని విరిగింది.

"ఒడ్డు ఎటుందో తెలియదు. పిల్లల్ని నువ్వే చూసుకో దేవుడా అని చేతులెత్తేశారట. అప్పుడు కనిపించింది దీపం. ఆ గాలిలో పైకెక్కి, అది ఆరిపోకుండా కాపలా కాశాడు మా సగిందిక్. దాన్నే చూసుకుంటూ..."

"ఆపు వదినా." సగిందిక్ లేచి నిలబడ్డాడు. ముందు బెంచీ పట్టుకున్నాడు. "నేను అక్కడ లేను."

"ఎక్కడ లేవు?" అన్నాడు దౌలెత్.

"దీపం దగ్గర. ఆ రోజు మధ్యాహ్నమే గుర్రమెక్కి పొరుగూరికి పెళ్లికి పోయాను. పొద్దు గుంకేలోగా వచ్చేద్దామనుకున్నాను. ఇంకో గ్లాసు అన్నారు, ఇంకో పాట అన్నారు. గాలి లేచాక గుర్రం అడుగు కదపలేదు. తెల్లారి భయం భయంగా వస్తుంటే ఊరి మొదట్లోనే ఇబ్రాయ్ అన్న ఎదురొచ్చి కావలించుకున్నాడు. నీ దీపమే మమ్మల్ని బతికించిందిరా అన్నాడు. నేను నోరు తెరవలేదు."

"తర్వాతైనా చెప్పొచ్చుగా?" దౌలెత్ మొహంలో నవ్వు పోయింది.

"జిల్లా నుంచి విచారణకొచ్చినవాళ్లు చెయ్యి పట్టుకుని ఊపారు. కోటుకి పతకం గుచ్చారు. అప్పటి నుంచీ ఏ విందుకెళ్లినా పెద్దమనిషినని గొర్రె తలకాయ నా ముందే పెట్టారు. గొంతు దిగకపోయినా తిన్నాను."

"మరి దీపం వెలిగించిందెవరు తాతయ్యా?" అంది రౌషన్.

"అదే తెలియదమ్మా. దీపంలో చమురు ఎంత తరిగిందో చూడ్డానికి కూడా భయమేసి, మర్నాడు మొహం తిప్పుకుని పోశాను. మా ఆవిణ్ని అడిగాను. నెలలు నిండినదాన్ని, మంచం దిగడమే కష్టంగా ఉంటే నిచ్చెనలెక్కుతానా అంది. ఊళ్లో ఒక్కొక్కరి మొహం చూసుకుంటూ తిరిగాను ఇన్నేళ్లూ. ఎవరో ఉన్నారు. ప్రాణానికి తెగించి ఆ గాలిలో పైకెక్కారు. వాళ్ల పేరు నేను కాజేశాను. పుస్తకంలో కూడా నా పేరే అచ్చయితే ఇక నాకు గోరీలోనూ నిద్ర పట్టదు."

కిటికీ అద్దాల మీద ఉప్పు దుమ్ము గీరుతున్న చప్పుడు వినిపించింది.

"మా పెద్దాడికి నీ పేరు పెట్టుకున్నాం కదయ్యా," అంది వెనక బెంచీలోంచి ఒకామె మెల్లగా. ఆ మాటకి సగిందిక్ కూలబడ్డాడు.

"ఆ మిషను ఆపు తల్లీ," అంది కాలిమ.

రౌషన్ ఆపింది. కాలిమ కర్ర పోటేసుకుంటూ వచ్చి అతని పక్కన కూర్చుంది. నాలుగు తిట్లు పడతాయని అతను తల దించుకున్నాడు. ఆమె అతని చెయ్యి తన ఒళ్లోకి తీసుకుంది.

"మీ అన్న పోయేముందు నా దగ్గర మాట తీసుకున్నాడు. పడవలోని ఏడుగురిలో ఒక్కడు బతికున్నా ఇది బయటపెట్టొద్దన్నాడు. ఆ చివరివాడూ మొన్న చలికాలంలో పోయాడు."

"ఏది బయటపెట్టొద్దన్నాడు వదినా? ఎవరు వెలిగించారో నీకు తెలుసా?"

"విను. ఆ పూట పడవ ఇసుక మేటకు తగిలి ఆగింది. మెడలోతు నీళ్లలో నడిచి ఒడ్డుకొచ్చి, ఏడుగురూ తడిబట్టలతో మా పొయ్యి చుట్టూ కూర్చున్నారు. సగిందిక్‌ని జైల్లో పెడతారు, పెళ్లానికి నెలలు నిండాయి, గుర్తుపెట్టుకోండి అని వాళ్లతో అన్నది నేనే. జిల్లా వాళ్లొచ్చి అడిగితే ఏం చెప్పాలో చాలాసేపు వాదించుకున్నారు. ఆఖరికి ఏడుగురూ ఒక మాట మీదకొచ్చారు."

"ఏమని?"

"దీపం వెలిగిందని."