నోటీసు నెల జీతం

“రాజీనామా ఇచ్చాక చేసిన పని పని కాదా అన్నయ్యా?”

కుట్టుమిషన్లు బాగుచేసే ఆ దుకాణంలోకి అడుగు పెడుతూనే నిలదీసింది ఆమె. ఓనరు నూనెడబ్బా పక్కన పెట్టి స్టూలు చూపించాడు. ఆమె కూర్చోలేదు. కూర్చుంటే కోపం చల్లారిపోతుందని భయం. పరికిణీల వయసులో ఇదే కౌంటరు ఎక్కి బిస్కెట్లు తిన్న పిల్ల మరి.

ఆమె తండ్రి ఇక్కడ మెకానిక్కు. నడుం పట్టేస్తోంది, ఇక వంగి పనిచేయొద్దని డాక్టరు చెబితే కూతురే దగ్గరుండి రాజీనామా రాయించింది. నోటీసు నెలంతా పనిచేశాడు. ఆ జీతం మాత్రం చేతికి రాలేదు. రోజూ పొద్దున్నే జీతం అడిగొస్తానని బయల్దేరడం, చీకటి పడ్డాక రేపు రమ్మన్నాడంటూ తిరిగి రావడం. నోట్లో నాలుక లేని మనిషి, జన్మకు వసూలు చేయలేడని తేలిపోయి, ఇవాళ సెలవు పెట్టి తనే వచ్చింది.

తన ఆఫీసులో జీతాల వ్యవహారం చూసేది ఆమే. మానేసే రోజు వరకూ మనిషి ఉద్యోగే, వెళ్లిపోతున్నాడని జీతం ఆపడం కుదరదని ఓనరును ఉతికి ఆరేసింది. మిషను కోసం వచ్చిన దర్జీ బేరం సంగతి మరిచిపోయి వింటున్నాడు. పరువు పోతోందని ఓనరుకు తెలుస్తూనే ఉంది. అయినా నీళ్లు నమిలి, రేపు తప్పకుండా ఇస్తానన్నాడు.

వెనక గదిలో మిషను ఒకటే రొద. ఎవరు నడుపుతున్నారో చూద్దామని ఆమె తెర తొలగించింది. తండ్రే. కాళ్ల కింద ఇటుకలు పేర్చి ఎత్తు పెంచిన బల్ల ముందు నిటారుగా నిలబడి, గుడ్డపీలిక మీద కుట్టు సరిచూస్తున్నాడు. ఆ రొదలో బయటి గొడవ ఆయన చెవిన పడలేదు. బల్ల అంత ఎత్తు ఎందుకో ఆలోచించే స్థితిలో కూతురూ లేదు. తెర వదిలేసి ఓనరు వైపు తిరిగింది.

“జీతం ఇవ్వకపోగా ఊరికే చాకిరీ కూడా చేయించుకుంటున్నావా? ఇప్పుడే లేబర్ ఆఫీసుకి వెళ్తున్నాను.”

ఓనరు తెర వైపు దిగులుగా చూశాడు. నిట్టూర్చి, సొరుగులోంచి లావుపాటి కవరు తీసి ఆమె చేతిలో పెట్టాడు. పైన ‘బాబాయికి’ అని రాసి ఉంది. అంచులు అప్పుడే నలిగి, మాసిపోయాయి. నోటీసు నెల జీతమే కాదు, ఇన్నేళ్ల సర్వీసుకు రావాల్సింది కూడా అందులో ఉంది.

ఇంత సిద్ధంగా ఉంచుకుని ముసలాయన్ని ఎందుకు తిప్పించావని ఆమె అడిగింది.

“తప్పు నాదే చెల్లెమ్మా” అన్నాడు ఓనరు, తల వంచుకుని.

లోపల రొద ఆగింది. తండ్రి చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. సాధించినదాన్ని చూపించాలన్న సంబరంతో ఆమె కవరు పైకెత్తింది. ఆయన ముఖం చిన్నబోయింది. కవరు ముట్టుకోలేదు, కూతురి వైపు చూడనూ లేదు.

“నేను చెప్పేదాకా ఇవ్వొద్దన్నానా లేదా అబ్బాయ్? రేపట్నించి ఏ వంక పెట్టుకుని రావాలి నేను?” అన్నాడు ఓనరుతో.