డ్రమ్ము నీళ్లల్ల నీటిపురుగులు

సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. తెల్లారితే పాలకుర్తి చౌరస్తాల వంటావార్పు. నాలుగు వందల మంది వంటకు నీళ్లు నింపిన డ్రమ్ము పక్కన ఆ రాత్రి నేను, కాలేజీల చదివే మా చెల్లె ఊర్మిళ కావలి ఉన్నం. అది పత్తికి కొట్టే పురుగుమందు డ్రమ్మని ఆమె ఒకటే గొడవ.

"మూడుసార్లు కడిగిన. నీ కాలేజీ చదువు నా మీద రుద్దకు," అన్న. చెంబెడు ముంచి ఆమె ముందరనే గటగట తాగిన.

ఊర్మిళ సంచిలకెళ్లి సీసా తీసింది. ప్రాక్టికల్స్ కోసం కుంటల పట్టిన నీటిపురుగులు ఆమె సీసాల ఉన్నయి. ఆవగింజంత ఉంటయి. కొన్నిటిని డ్రమ్ము నీళ్ల గ్లాసుల వేసింది.

"మందుంటే మనకన్న ముందు వీటికి తెలుస్తదన్నా. జర ఆగి చూడు."

టార్చి వెలుగుల అవి ఎగిరెగిరి పడుతున్నయి. బంద్ రోడ్డు మీద కుక్క సుత లేదు. గంట గడిచింది. ఒకటి ఆగింది. తర్వాత ఇంకోటి. చివరికి గ్లాసుల ఏదీ కదల్లే.

డ్రమ్మును నేనే తన్ని పారబోసిన. దవాఖానకు పోదామని ఊర్మిళ ఆటోకు ఫోన్ చేసింది. తేరుకుంటయేమోనని పురుగులను మంచి బావినీళ్లలకు మార్చి భూతద్దం నా చేతుల పెట్టింది. వాటి ఒళ్లు అద్దం లెక్క ఉంటది, లోపలి గుండె కనవడ్తది.

నా నాలుక మొద్దుబారింది. భూతద్దం ఉన్న చేతి మణికట్టు మీద నా నాడి పట్టుకొని ఒక్క పురుగునే చూస్తున్న. దూరంగ ఆటో చప్పుడు.

దాని గుండె ఒక్కసారి కొట్టుకుంది. ఊపిరి బిగబట్టిన.

మళ్ల కొట్టుకుంది.