ఒంటి బెంచీ

సంతకం ఎక్కడ పెట్టాలో పెద్ద టీచరు ముందే పెన్సిలుతో గీత గీసి ఉంచారు. పాపను ఇష్టపూర్వకంగా బడి మాన్పిస్తున్నానని తల్లి చెబుతున్నట్టు ఆ కాగితం మీద రాసి ఉంది.

తల్లి పెన్ను పట్టుకుంది గాని, చెయ్యి గీత దాకా పోలేదు. ఇస్త్రీ దుకాణంలో ఒక పూట సెలవు అడిగి వచ్చిందామె. కూతుర్ని ఇంట్లో వదిలితే చూసే దిక్కు లేదు. దుకాణానికి తీసుకుపోతే కాలే పెట్టెల నడుమ కూర్చోబెట్టాలి.

"పోయినేడు మా చిలక ఇలా ఉండేది కాదండీ..."

"పోయినేటి సంగతి వదిలేయమ్మా. ఇప్పుడు కళ్లు నెత్తికెక్కాయి. ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తుంది. ఏడో ఎక్కం అప్పజెప్పమంటే సగంలో ఆగిపోయి పైకప్పు చూస్తుంది. చేతులు కట్టించాం, గోడవైపు తిప్పి నిలబెట్టాం. ఇంకేం చెయ్యమంటావు?"

పిల్లలందరూ ఆటకు పోయారు. ఎనిమిదేళ్ల చిలక మాత్రం తన ఒంటి బెంచీలో కూర్చుని ఇదంతా వింటోంది. పక్కన కిటికీ గోడ. వెనక బీరువా. ముందు టీచరు బల్ల. ఎవరైనా ఆ బల్ల జరిపితే తప్ప ఆమె బయటికి రాలేదు. కిటికీ రెక్కలు తెరవడం, మూయడం, రాలిన రంగు పెచ్చులు ఎత్తిపోయడం ఆ బెంచీలో కూర్చున్న పిల్ల పని. మధ్యాహ్నం డబ్బా విప్పేదీ ఆ కిటికీ గట్టు మీదే. ఏడాది ముగిసేదాకా చోటు మార్చరు. అది ఆ బడి నియమం.

"సంతకం పెట్టకండమ్మా," అంది గుమ్మంలోంచి నర్సు.

తరగతిలో నలభైమందికీ రక్తపరీక్ష చేయించింది ఆమే. ఫలితాల కాగితాలు ఆమె చేతిలో ఉన్నాయి.

"ఈ పాప రక్తంలో సీసం ఉంది. చాలా ఉంది. ఈ కిటికీ పాత రంగులోనూ అదే ఉందని పరీక్షలో తేలింది. రెక్క ఒరుసుకున్నప్పుడల్లా పొడి రాలుతుంది. అది చేతికి అంటి నోట్లోకి పోతుంది. పిల్లల మెదడుకు సీసం విషమండీ. మనసును ఒకచోట నిలవనివ్వదు. నేర్చినదాన్ని ఉండనివ్వదు."

"రోజూ తుడుస్తూనే ఉన్నానమ్మా," అంది చిలక తల్లితో, తప్పు తనదేనేమోనన్న భయంతో. "అరచేత్తో శుభ్రంగా తుడుస్తాను."

పెద్ద టీచరు నవ్వారు.

"గది ఒకటే, గాలి ఒకటే. రంగుదే తప్పయితే నలభైమందీ ఇలాగే తయారవ్వాలిగా? ఆడలేక మద్దెల ఓడు అన్నాట్ట వెనకటికెవడో."

"నలభైమందీ ఈ గట్టు మీద అన్నం తినరు కదండీ."

తల్లి పెన్ను కింద పెట్టింది.

"నయమవుతుందా తల్లీ?"

నర్సు బల్ల దగ్గరికి వచ్చింది. "ముందు పాపను ఇక్కడి నుంచి తప్పించాలి. పోయినదాంట్లో ఎంత తిరిగొస్తుందో నేను చెప్పలేనమ్మా."

ఆ తర్వాత టీచరు వైపు తిరిగింది. "ఇంతకుముందు ఈ బెంచీలో ఎవరెవరు కూర్చున్నారు?"

పెద్ద టీచరుకు రిజిస్టరు అక్కర్లేకపోయింది. ఇరవై రెండేళ్లుగా ఆ గది ఆవిడదే.

"పోయినేడు పొడుగుపిల్ల. పరీక్ష తప్పింది. దానికి ముందు, సోడాబుడ్డి అద్దాల పిల్ల. ఇప్పుడు వాళ్ల నాన్న కొట్లో పొట్లాలు కడుతోంది, అవీ తిన్నగా కట్టలేదు. అంతకు ముందేడు కవలల్లో చిన్నది. అక్క పైతరగతికి పోయింది, ఇది మళ్లీ ఇక్కడే మిగిలింది. ఏం చెప్పమంటారు, ఈ బెంచీ జాతకమే అంత."

నర్సు ఒక్కొక్కరినీ రాసుకుంది. మూడో పిల్ల దగ్గర కలం ఆగింది.

"అయితే వెనకబడిన పిల్లల్నే ఏరి ఇక్కడ కూర్చోబెడతారా?"

పెద్ద టీచరు నొచ్చుకున్నారు.

"ఎంతమాటన్నారు, ఏటా మొదటి ర్యాంకు తెచ్చుకున్న పిల్లకు మా బడి ఇచ్చే బహుమానమండీ ఆ చోటు."