బడికి సక్కుబాయి పేరు

“బడికి సక్కుబాయి పేరే పెట్టాలె,” అద్దం ముందు చొక్కా గుండీలు పెట్టుకుంటూ మళ్లీ అదే మాట అన్నాడు రాంచందర్.

గ్రామసభకు తయారవుతున్న భర్తను మమతారాణి ఓరగా చూసింది. ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన తల. శ్రీరాంపూర్ బొగ్గుగనిలో పనిచేసినన్నాళ్లూ మమతారాణి చెల్లెలి పెళ్లికి కూడా ఇంత తయారు కాలేదు.

“జాగ ఇచ్చింది నరహరిరావు దొర. గాయన పేరుంటె నీకేం పాయె?”

“జాగ ఇచ్చిండు. గోడలెవలు కట్టిండ్రు? ఊరంత కూలి లేకుంట మోసింది. గడీల ఎందరి ఉసురు పోసుకున్నడో! గసొంటోని పేరు పిల్లలు రోజు చదవాల్నా?”

“మరి సక్కుబాయి ఏం చేసింది?”

రాంచందర్ చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

ఆ మౌనమే ఆమెను కాల్చేస్తోంది. రిటైరై కరీంనగర్ దగ్గరి ఈ సొంతూరికి వచ్చినప్పటి నుంచి ఇదే వరస. అంతకుముందు పాతికేళ్ల కాపురంలో ఊరి మాటే ఎత్తలేదాయన. పెళ్లికి కూడా ఆయన తరఫున మేనమామ ఒక్కడే వచ్చాడు. ఇప్పుడేమో నిద్రలో సైతం సక్కుబాయే!

పక్కింటి బాలలక్ష్మిని అడిగితే ఒళ్లు ఇంకా మండింది.

“దొర గడీల పనిజేసేది బిడ్డా. అసొంటి అందం ఈ ఊర్ల మళ్ల పుట్టలే. పడుచుతనంలనే గడీ బాయిల శవమై తేలింది. గామె పోయిన్నాడు నీ పెనిమిటి ఏడ్సి ఏడ్సి మెతుకు ముట్టలే,” అని ముసలమ్మ కళ్లొత్తుకుంది.

చచ్చిపోయిన అందగత్తెతో పోటీ ఎలా పడాలి? ఆమె జుట్టు నెరవదు. ఆమె మోకాళ్లు నొయ్యవు.

మమతారాణి చీర మార్చుకుని సభకు వెళ్లింది. సర్పంచ్ అభ్యంతరాలున్నాయా అని అడగ్గానే లేచి నిలబడింది.

“బడి కప్పు కురుస్తున్నది. పేరు మారిస్తె వాన ఆగుతదా? దొర పేరే ఉండనియ్యుండ్రి. ముక్కు మొఖం తెల్వని పనిమనిషి పేరు మన పిల్లలకెందుకు?”

ఎవరో చప్పట్లు కొట్టారు. సర్పంచ్ నవ్వాడు. “ఇంటామెనే ఒప్పుకుంటలేదు గదా, రాంచందరన్నా! ఇగ ఇడిసిపెడుదాం.”

రాంచందర్ తల దించుకున్నాడు. ఆ దించిన తలను చూసి ఆమెకు కడుపు చల్లబడింది.

ఇంటికొచ్చాక ఆయన చెప్పులు కూడా విప్పలేదు. గడప మీద కూలబడ్డాడు. ఆమె ఇక ఆగలేకపోయింది.

“గామె మీద గంత పావురముంటె నన్నెందుకు చేసుకున్నవ్? నిజం చెప్పు. గా సక్కుబాయి నీకేమైతది?”

రాంచందర్ మెల్లగా తలెత్తాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“ఇజ్జత్ పోతదని ఇన్నేండ్లు నీకు చెప్పలే, మమతా,” అన్నాడు.

“మా బాపు పేరు తీసి, నన్ను కన్న అవ్వ పేరు పెట్టుమన్న.”